లూర్‌ను దారానికి ఎలా తగిలించాలి: ముడా, లూపా, స్నాపా?

ఆన్‌లైన్లో లూర్ల (చేపను ఊరించే కృత్రిమ ఎరల) డబ్బా తెప్పించుకుంటే అందులో చిన్న పొట్లం నిండా స్నాప్ స్వివెళ్ళు కూడా వస్తాయి. స్నాప్ అంటే తెరిచి మూసే తీగ కొక్కెం, స్వివెల్ అంటే దారం మెలిపడకుండా తిరిగే చిన్న లోహపు కీలు. కొత్తగా రాడ్డు పట్టినవాళ్ళు వాటిలో పెద్దది ఒకటి తీసి దారం చివర కట్టేస్తారు. ఇక ఆ రోజంతా ఏ లూర్ అయినా దానికే తగిలిస్తారు. బందరు కాలువ గట్టు మీద, సీతానగరం ఘాట్ల వైపు ఇలా వేసేవాళ్ళే ఎక్కువ. అలా వేస్తే చేప పడదని కాదు, పడుతుంది. కానీ రెండున్నర అంగుళాల తేలే లూర్ మూతికి అంత ఇనుము వేలాడుతుంటే అది సరిగ్గా ఈదదు, ముక్కు దించుకుని పక్కకు ఒరిగిపోతుంది. అలాంటి లూర్ ఒకటి చూసి గట్టు మీద కూర్చున్న పెద్దాయన అననే అన్నాడు: "ఏం బాబూ, చేపపిల్లకి బులాకీ పెట్టావా?"

తగిలించడానికి ఉన్న దారులు మూడే. దారాన్ని లూర్ బెజ్జానికి బిగుతుగా ముడి వేయడం, వదులుగా ఊగే లూప్ ముడి వేయడం, స్నాప్‌తో తగిలించడం. నా లెక్క ముందే చెప్పేస్తాను. గట్టి శరీరం ఉన్న ఈదే లూర్లకు లూప్ ముడి కానీ, చిన్న స్నాప్ కానీ. కప్పకు (కప్ప ఆకారపు లూర్), జిగ్గుకు (తల దగ్గర బరువున్న గాలం), స్పిన్నర్‌బెయిట్‌కు (వంచిన తీగకు ఒక వైపు తిరిగే రేకులు, రెండో వైపు గాలం ఉన్న లూర్) నేరుగా ముడి. స్వివెల్ మాత్రం దారాన్ని మెలితిప్పే లూర్లకే, అదీ మూతి దగ్గర కాదు, అడుగున్నర పైన. ఎందుకో, ఎలాగో, ఈ లెక్క ఎక్కడ కుదరదో కింద చూద్దాం.

మొదట రీలు మీద ఏముందో చూసుకోండి

ముడి ఎంపిక లూర్‌తో మొదలవదు, దారంతో మొదలవుతుంది. మీ రీలు మీద ఉన్నది నైలాన్ మోనో అయినా అయ్యుండాలి, సన్నటి పాలిథిలిన్ పోగులతో అల్లిన బ్రెయిడ్ అయినా అయ్యుండాలి. ఫ్లోరోకార్బన్‌ను మన దగ్గర రీలు నిండా చుట్టేవాళ్ళు తక్కువ, లీడర్‌గానే (అసలు దారం చివర, లూర్‌కు ముందు అతికే పొట్టి ముక్కగా) వాడతారు.

నైలాన్ సాగుతుంది, కాస్త మెత్తన, ముడి వేస్తే చుట్టు మీద చుట్టు కరుచుకుని కూర్చుంటుంది. అందుకే దాదాపు ఏ ముడైనా దానికి నప్పుతుంది. కాకపోతే నీళ్ళు పీలుస్తుంది, ఎండకు పాడవుతుంది. మే నెల బెజవాడ ఎండలో బండి డిక్కీలో పడేసి ఉంచిన నైలాన్ దారం పైకి బాగానే కనిపించినా, ముడి దగ్గర పుటుక్కున తెగుతుంది.

బ్రెయిడ్ సంగతి వేరు. సాగదు, సన్నగా ఉంటుంది, కానీ జారుడు ఎక్కువ. నైలాన్‌కు అలవాటుగా వేసే క్లించ్ ముడిని బ్రెయిడ్‌కు వేస్తే చేప లాగినప్పుడు తెగదు, మెల్లగా జారి ఊడిపోతుంది. దారం చివర మెలికలు తిరిగి, తెగిన గుర్తు లేకుండా వచ్చిందంటే జరిగింది అదే. పెద్ద చేప తెంపుకుపోయిందని చెప్పుకునే కథల్లో సగం ఇలాంటివే అని నా అనుమానం.

ఫ్లోరోకార్బన్ బిరుసుగా ఉంటుంది. రాళ్ళకు గీసుకున్నా తట్టుకుంటుంది, నీళ్ళలో తక్కువ కనిపిస్తుంది. నీటి సాంద్రత 1 అనుకుంటే ఇది సుమారు 1.78, నైలాన్ 1.14, పాలిథిలిన్ బ్రెయిడ్ 0.97. అంటే బ్రెయిడ్ తేలుతుంది, నైలాన్ నెమ్మదిగా మునుగుతుంది, ఫ్లోరోకార్బన్ నేరుగా కిందికి పోతుంది. ఈ మూడు అంకెలు గుర్తుపెట్టుకుంటే చాలు, పైన తేలే పాపర్‌కు ఫ్లోరోకార్బన్ లీడర్ ఎందుకు కట్టకూడదో విడిగా చెప్పక్కర్లేదు. ముక్కు కిందికి లాగేస్తుంది, చప్పుడు చేయాల్సిన మూతి నీళ్ళు మింగుతుంది. పాపర్‌కు నైలాన్ లీడరే కట్టండి.

లూర్ ఏ పని చేయాలి?

చేతిలో ఉన్న లూర్‌ను చూసి ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది తలను స్వేచ్ఛగా అటూ ఇటూ ఊపాలా, లేక నేను లాగిన దారిలో రావాలా?

మొదటి రకం: మూతి ముందు చిన్న పలక ఉండే మినో, క్రాంక్‌బెయిట్, నీటి మీద ఎడమకూ కుడికీ నడిచే స్టిక్‌బెయిట్, పాపర్. వీటి బెజ్జానికి దారాన్ని బిగించి ముడి వేస్తే తల కదలిక కట్టుబడిపోతుంది. ముడి ఒక పక్కకు జారితే లూర్ ఆ పక్కకే పరిగెడుతుంది. కంపెనీ వాడు పాడు లూర్ అంటగట్టాడని తిట్టుకుంటాం, తప్పు ముడిది. వీటికి లూప్ ముడో, గుండ్రటి వంపు ఉన్న చిన్న స్నాపో కావాలి. 1936లో ఫిన్లాండ్‌లో లౌరి రాపాలా చేత్తో చెక్కిన లూర్‌తో మొదలైన రాపాలా కంపెనీ పేరు మీద ఒక లూప్ ముడే ఉంది. లూర్ చేసేవాళ్ళే ఈ వదులు గురించి అంత పట్టించుకున్నారన్నమాట.

కొనేటప్పుడే మూతికి స్ప్లిట్ రింగు ఉంటే? అప్పుడు ఆ వదులును రింగే ఇస్తుంది, దానికి మామూలు ముడి వేసినా చాలు. ఇక్కడ ఒక చిన్న విషయం దగ్గరగా చూడండి. స్ప్లిట్ రింగంటే రెండు చుట్లు తిరిగిన తీగ. ఒక చోట తీగ కొస బయటికి తేలి, పక్కనే చిన్న మెట్టు కనిపిస్తుంది. ముడి జారి ఆ మెట్టు దగ్గరికి చేరితే సన్నటి బ్రెయిడ్ రెండు చుట్ల మధ్యకు దూరుతుంది. పదునైన కొస దాన్ని కోస్తుంది, లేదా దారం మొత్తం రింగులోంచి తిరిగి బయటికే వచ్చేస్తుంది. అందుకే సన్నటి బ్రెయిడ్‌ను స్ప్లిట్ రింగుకు నేరుగా కట్టకండి. మధ్యలో లావుపాటి లీడర్ ఉండాలి, లేదంటే రింగు తీసేసి స్నాప్ పెట్టండి. రింగూ ఉంచి స్నాపూ పెడితే మూతి మీద బరువు రెట్టింపు.

రెండో రకంలో ముందుగా చెప్పుకోవాల్సింది కప్ప. గుర్రపుడెక్క మీద, తూటికాడల మధ్య కొర్రమీను కోసం లాగే గుల్ల కప్పకు స్నాప్ పనికిరాదు. స్నాప్ సందులో ప్రతి ఆకూ, ప్రతి నాచు పోగూ ఇరుక్కుంటుంది. పైగా కొర్రమీను కొట్టగానే మొక్కల వేళ్ళలోకి దూరుతుంది కాబట్టి, దాన్ని మొండిగా, ఆకులతో సహా బయటికి ఈడ్చాలి. ఆ పట్టులో మధ్యలో ఎన్ని అతుకులుంటే అన్ని బలహీనతలు. 50 పౌండ్ల లాగుడు తట్టుకునే బ్రెయిడ్ నేరుగా కప్ప బెజ్జానికి, పాలోమార్ ముడితో (ఎలా వేయాలో కింద ఉంది). లీడర్ కూడా వద్దు. ఆకుల కింద ఉన్న చేపకు దారం కనిపించే అవకాశమే తక్కువ. (వానాకాలంలో నీటి మీద ఎర్రటి పిల్లల గుంపు పొంగుతూ కనిపిస్తే కప్ప అటు విసరకండి. కిందనే తల్లీతండ్రీ కాపలా ఉంటాయి, కొట్టి తీరతాయి. వాటిని పట్టేస్తే ఆ పిల్లలన్నీ ఇతర చేపల పాలు.)

జిగ్గు, మెత్తటి రబ్బరు చేప, ఆకుల్లో చిక్కకుండా గాలం మొన దాచి కట్టే రబ్బరు పురుగు, వీటన్నిటికీ నేరుగా ముడే. జిగ్గు బెజ్జం పైకి తిరిగి ఉంటే, కట్టాక గాల్లో వేలాడదీసి చూడండి. ముడి కాస్త ముందుకో వెనక్కో జరిపితే జిగ్గు అడ్డంగా, నీటికి సమాంతరంగా వేలాడుతుంది. విసిరిన ప్రతిసారీ ముడి మళ్ళీ జరుగుతుంది, మళ్ళీ సరిచేసుకోవాలి. విసుగనిపిస్తే జిగ్గుకూ లూప్ ముడి వేయొచ్చు, ఆకులు లేని చోట.

స్పిన్నర్‌బెయిట్ దగ్గర చాలామంది బోల్తా పడతారు. దాని తీగ మధ్యలో వంపు ఉంటుందే కానీ మూసుకున్న రింగు సాధారణంగా ఉండదు. అక్కడ స్నాప్ తగిలిస్తే అది రేకుల వైపున్న తీగ మీదికి జారిపోతుంది, లూర్ పడుకుని వస్తుంది. లూప్ ముడీ అంతే. బిగుతైన ముడి ఒక్కటే ఆ వంపులో కదలకుండా కూర్చుంటుంది.

రేకు దాని ఒంటి చుట్టూ గిరగిరా తిరిగే చిన్న స్పిన్నరూ, చెంచాలా వంగిన రేకు లూర్ స్పూనూ వేరే జాతి. ఇవి ఒళ్ళంతా తిరిగి దారాన్ని మెలిపెడతాయి. స్వివెల్ నిజంగా అవసరమయ్యేది ఇక్కడే. స్పూన్ బెజ్జం రేకుకు పొడిచిన చిల్లు కాబట్టి అంచు పదునుగా ఉంటుంది, దారం నేరుగా కట్టకూడదు. రింగో, స్నాపో ఉండి తీరాలి. వీపు మీద వరసగా రెండు మూడు చిల్లులుండే లోహపు బ్లేడ్‌బెయిట్‌కు కూడా అంతే.

మూడు ముడులు వస్తే చాలు

పుస్తకాల్లో వందల ముడులుంటాయి. చీకటి పడ్డాక కూడా చేతులు వాటంతట అవే వేయగలిగే మూడు ముడులు ఉంటే కృష్ణలోనూ కాలువల్లోనూ ఎక్కడా ఇబ్బంది ఉండదు. ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని, లావు తాడుతో, గాలం బదులు తాళంచెవి రింగుకు కట్టి నేర్చుకోండి.

పాలోమార్. బ్రెయిడ్‌కు మొదటి ఎంపిక ఇదే.

1. దారం చివర జానెడు మేర మడవండి. మడిచిన కొసను బెజ్జంలోంచి దూర్చండి. బ్రెయిడ్ మెత్తగా ఉండి దూరకపోతే ఒంటి పోగు దూర్చి, మళ్ళీ అదే బెజ్జంలోంచి వెనక్కి తీసుకురండి, ఫలితం ఒకటే.
2. ఆ జంట దారంతో ఒక మామూలు ముడి వేయండి. బిగించొద్దు. లూర్ ఆ ముడి కింద వేలాడుతూ ఉండాలి.
3. మిగిలిన మడతను విప్పి, లూర్ మొత్తం దానిలోంచి దూరేలా తిప్పండి.
4. తడి చేసి, అసలు దారం, కొస రెండూ కలిపి పట్టుకుని నెమ్మదిగా లాగండి. మడత బెజ్జం పైకి చేరి కూర్చోవాలి.
5. కొసను 3 మిల్లీమీటర్లు వదిలి కత్తిరించండి.

చాలామందికి ఇక్కడే తేడా వస్తుంది. రెండో అడుగులో జంటగా ఉన్న రెండు పోగులూ పక్కపక్కనే, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా పడుకోవాలి. ఒకటి రెండోదాన్ని అడ్డంగా దాటితే బిగించినప్పుడు పైపోగు కింది పోగును నొక్కి కోస్తుంది. ముడిని వెలుతురుకు ఎత్తి చూడండి. బాగా పడినది చిన్నగా, రెండు వైపులా ఒకే తీరుగా ఉంటుంది. చెడింది ఒక పక్క ఉబ్బి, ఒక పోగు మిగతావాటి మీదుగా అడ్డంగా పోతూ కనిపిస్తుంది. కనిపిస్తే సర్దుబాటు చేయకండి, కోసేసి మళ్ళీ వేయండి.

పాలోమార్‌తో ఇబ్బంది ఒక్కటే: లూర్ మొత్తం మడతలోంచి దూరాలి. మూడు కొక్కేల గాలాలు రెండు ఉన్న పెద్ద మినోకు ఇది వేయబోతే కొక్కేలన్నీ దారాన్ని పట్టుకుంటాయి, ఆ తర్వాత మీ వేళ్ళనూ. అలాంటిచోట యూని.

యూని. కొసను బెజ్జంలోంచి జానెడు బయటికి తీయండి. అసలు దారానికి సమాంతరంగా పెట్టి, కొసను బెజ్జం వైపు వెనక్కి తిప్పితే ఒక సున్నా ఏర్పడుతుంది. ఆ సున్నా లోపలినుంచి, రెండు దారాలనూ కలిపి కొసతో చుట్టండి. నైలాన్‌కు అయిదారు చుట్లు, బ్రెయిడ్‌కు ఏడెనిమిది. తడి చేసి, కొసను లాగితే చుట్లు దగ్గరపడతాయి. అప్పుడు అసలు దారాన్ని లాగి ముడిని బెజ్జం దాకా జార్చండి. ఇందులో ఒక వెసులుబాటు ఉంది. ముడిని బెజ్జానికి సెంటీమీటరు దూరంలో ఆపి గట్టిగా బిగిస్తే లూర్‌కు చిన్న లూప్ దొరుకుతుంది. చేప పడ్డాక మాత్రం ఆ లూప్ జారి మూసుకుపోతుంది, తీశాక మళ్ళీ తెరుచుకోవాలి.

మూసుకోని లూప్ కావాలంటే నాన్‌స్లిప్ లూప్ ముడి. ఇది నైలాన్, ఫ్లోరోకార్బన్ లీడర్లకు. కొసకు జానెడు పైన ఒక మామూలు ముడి వదులుగా వేసి, దాన్ని అలాగే తెరిచి ఉంచండి. కొసను లూర్ బెజ్జంలోంచి దూర్చి వెనక్కి తెచ్చి, ఆ వదులు ముడి లోంచి, అది ఏ వైపు నుంచి బయటికి వచ్చిందో అదే వైపు నుంచి లోపలికి పంపండి. ముడి అవతల అసలు దారం చుట్టూ నాలుగైదు చుట్లు చుట్టండి. 40 పౌండ్లు దాటిన లావు లీడర్‌కు మూడు చాలు, 6 పౌండ్ల సన్నదానికి ఏడు కావాలి. చుట్టాక కొసను మళ్ళీ అదే వైపు నుంచి ముడిలోకి పంపి, తడి చేసి, ముందు కొసను కొద్దిగా లాగండి. చుట్లు దగ్గరపడ్డాక లూర్‌నూ అసలు దారాన్నీ రెండు చేతుల్లో పట్టుకుని బిగించండి. లూప్ ఎంత ఉండాలన్నది మొదటి ముడికీ లూర్‌కూ మధ్య దూరాన్ని బట్టి ఉంటుంది. చిటికెనవేలి గోరంత చాలు. పెద్దదైతే ముందు గాలం లూప్‌లో చిక్కుకుంటుంది.

ఏ ముడైనా పొడిగా బిగించొద్దు. పొడి దారం తన మీద తానే రాసుకుని వేడెక్కుతుంది, పైకి కనిపించకుండా దెబ్బతింటుంది. ఫ్లోరోకార్బన్‌కు ఇది మరీ ఎక్కువ. ముడి పైన దారం ముంగురులు తిరిగి, కాస్త తెల్లబడితే అది కాలిన గుర్తే. అందరూ ఉమ్మితో తడుపుతారు, నేనైతే నగరం మధ్య కాలువల దగ్గర దారం నోట్లో పెట్టుకోను, తాగే నీళ్ళ సీసాలోంచి రెండు చుక్కలు వేస్తాను.

లీడర్ కావాలా, కావాలంటే ఎలా అతకాలి?

కృష్ణలో వరద నీళ్ళు ఎర్రగా వచ్చే రోజుల్లో చేప దారం చూసి భయపడుతుందన్న బెంగ అక్కర్లేదు. లీడర్ అవసరం కనిపించకుండా ఉండటం కోసం కంటే గీతలు తట్టుకోవడం కోసం. బందరు, ఏలూరు, రైవస్ కాలువల గట్లకు చాలాచోట్ల రాతి రివిట్‌మెంట్లు (గట్టు కోసుకుపోకుండా పేర్చిన రాళ్ళు), కాంక్రీటు అంచులు. సన్నటి బ్రెయిడ్ రాతికి ఆనుకుని లాగితే క్షణంలో పోతుంది. నదిలో అయితే, 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి పారిన వరద లాంటిది వస్తే అడుగున చెట్ల మొద్దులూ, తుక్కూ ఎక్కడికో కొట్టుకుపోయి కొత్తచోట్ల నిలుస్తాయి. నిరుడు ఇసుక ఉన్నచోట ఈ ఏడు మొద్దు ఉండొచ్చు.

వాలుగకు పెద్ద కోరలుండవు కానీ, దవడ నిండా వరసలు వరసలుగా సన్నటి పళ్ళు. పట్టి విదిలిస్తుంటే దారం పోగు పోగుగా అరుగుతుంది. 40 పౌండ్ల నైలాన్ లీడర్ దానికి సరిపోతుంది. ఉక్కు తీగ లీడర్లు అమ్మేవాళ్ళు కొనమంటారు, మన నీళ్ళలో నాకు వాటి అవసరం కనిపించలేదు. లూర్ నడకను చంపడం మాత్రం ఖాయం.

అతకడానికి డబుల్ యూనితో మొదలుపెట్టండి. బ్రెయిడ్, లీడర్ కొసలను ఎదురెదురుగా జానెడు మేర పక్కపక్కన పెట్టండి. బ్రెయిడ్ కొసతో లీడర్ మీద ఎనిమిది చుట్ల యూని, లీడర్ కొసతో బ్రెయిడ్ మీద నాలుగు చుట్ల యూని. తడి చేసి రెండు అసలు దారాలనూ లాగితే రెండు ముడులూ జారి ఒకదానికొకటి ఆనుకుంటాయి. ఇది కాస్త లావు ముడి. సన్నటి రింగులున్న రాడ్డులో విసిరినప్పుడు టకటకా తగులుతుంది. కాబట్టి లీడర్‌ను రెండడుగులు మించనీయకండి, విసిరేటప్పుడు ముడి రాడ్డు కొస బయటే ఉంటుంది. పొడుగు లీడర్ కావాలంటే ఎఫ్‌జీ ముడి నేర్చుకోవాలి. బ్రెయిడ్‌ను లీడర్ చుట్టూ అల్లుతూ పోయే ముడి అది, చాలా సన్నగా వస్తుంది, రింగుల్లోంచి మెత్తగా జారిపోతుంది. అయితే రాతల్లో చదివి నేర్చుకునేది కాదు, వేసేవాళ్ళ చేతులు చూడాలి.

స్నాప్, స్వివెల్: ఏది, ఎంత, ఎక్కడ

లూర్లు తరచూ మార్చేవాళ్ళకు స్నాప్ చాలా సుఖం. మార్చిన ప్రతిసారీ దారం కోస్తూ పోతే రెండడుగుల లీడర్ పొద్దెక్కేలోపే జానెడవుతుంది. అందుకే ఈదే లూర్లు మార్చి మార్చి వేసే రోజున నేను స్నాపే పెడతాను, లూప్ ముడి వేయను. అయితే స్వివెల్ లేని ఉత్త స్నాప్.

కొనేటప్పుడు మూడు చూడండి. లూర్ కూర్చునే వంపు గుండ్రంగా ఉండాలి, కోసుగా ఉంటే లూర్ ఒక మూలకు ఇరుక్కుని ఊగదు. మూసినప్పుడు తీగ కొస కొక్కెంలో టక్కున పడాలి, వేలితో పక్కకు నొక్కితే ఊడి రాకూడదు. మూడోది సైజు: మీ లూర్ బెజ్జంలో దూరి స్వేచ్ఛగా ఊగే వాటిలో, దారం కంటే బలమైన వాటిలో, అన్నిటికంటే చిన్నది. పొట్లం మీద బలం పౌండ్లలో రాసి ఉంటుంది. ఒక పౌండు అంటే సుమారు 0.45 కిలో, 20 పౌండ్ల దారం అంటే తొమ్మిది కిలోల లాగుడు. చవక స్నాప్‌ల మీది అంకెను నమ్మకుండా, లగేజీ తూచే చేతి త్రాసుకు తగిలించి లాగి చూడండి. ఏ బరువు దగ్గర తీగ తెరుచుకుంటుందో తెలిసిపోతుంది. ఇదే త్రాసుతో మీ ముడులనూ పరీక్షించొచ్చు. లాగేటప్పుడు గాలం మొనలు మీ వైపు లేకుండా చూసుకోండి, తెగితే ఎగిరి వస్తుంది.

స్వివెల్‌ను స్పిన్నర్‌కో స్పూన్‌కో వాడుతున్నప్పుడు మెయిన్ దారానికీ లీడర్‌కూ మధ్య కట్టండి, లూర్‌కు అడుగున్నర పైన. అప్పుడు బ్రెయిడ్‌కు లీడర్‌ను అతికే ముడి కూడా వేయక్కర్లేదు, ఒక వైపు బ్రెయిడ్ పాలోమార్‌తో, రెండో వైపు లీడర్ యూనితో. పీపా ఆకారంలో ఉండే మామూలు స్వివెల్ లాగుడు పడినప్పుడు సరిగ్గా తిరగదు. లోపల బాల్ బేరింగ్ ఉన్నది తిరుగుతుంది. ధర తేడా ఉంది కానీ స్పూన్లు ఎక్కువ వేసేవాళ్ళకు అక్కడ పొదుపు పనికిరాదు.

దారం మెలిపడటానికి ప్రతిసారీ లూరే కారణం కాదు. స్పిన్నింగ్ రీలులో చేప దారం లాక్కుపోతూ డ్రాగ్ (లాగుడు ఎక్కువైతే దారాన్ని జారనిచ్చే రీలు బిగింపు) గిర్రుమంటున్నప్పుడు కంగారులో హ్యాండిల్ తిప్పుతూనే ఉంటే, తిప్పిన ప్రతి చుట్టూ దారంలోకి మెలికై ఎక్కుతుంది. ఎంత ఖరీదైన స్వివెలైనా దాన్ని ఆపలేదు. డ్రాగ్ అరుస్తున్నప్పుడు చేయి ఆపండి. ఇప్పటికే మెలిపడితే పారే కాలువ ఉండనే ఉంది: లూర్ కోసేసి, ఉత్త దారాన్ని ప్రవాహంలోకి ముప్పై నలభై మీటర్లు వదిలి, కాసేపు ఉంచి, రెండు వేళ్ళ మధ్య నుంచి నెమ్మదిగా చుట్టుకోండి. నీరే విప్పేస్తుంది.

చోటును బట్టి

వేసవిలో కాలువలు కట్టేశాక అక్కడక్కడ గుంటల్లో నీళ్ళు మిగులుతాయి. నీరు తేటగా, లోతు తక్కువగా ఉంటుంది. చిన్న లూర్, సన్నటి లీడర్, లూప్ ముడి. లోహం ఎంత తక్కువుంటే అంత మంచిది. చెరువైతే ముందు అడగండి. చేపల మీద హక్కు మత్స్యకారుల సంఘానిదో, పాట పాడుకున్నవాళ్ళదో అయ్యుంటుంది. కొమ్మమూరు కాలువ వైపు, గుంటూరు పల్లెల్లో గుర్రపుడెక్క కమ్మేసిన చోట్ల పైన చెప్పిన కప్ప, లావు బ్రెయిడ్, పాలోమార్ తప్ప వేరే ఆలోచన పెట్టుకోకండి.

బ్యారేజీ గేట్ల దగ్గరికి మాత్రం వెళ్ళొద్దు, పైన నీళ్ళొస్తే కింద గేట్లు ఎత్తుతారు. వద్దని బోర్డున్నచోట వద్దు.

కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి, నాగాయలంక వైపు పండుగప్ప కోసం వెళ్ళేవాళ్ళకు లెక్క కొంచెం మారుతుంది. పండుగప్ప మొప్ప కప్పు అంచు బ్లేడంత పదును, తల విదిలిస్తే సన్నటి లీడర్ తెగిపోతుంది. 40 నుంచి 60 పౌండ్ల లీడర్, దానికి మూడు చుట్ల లూప్ ముడి. స్నాప్ పెడితే లావు తీగది. నదిలో వాడిన చిన్న స్నాప్‌ను ఇది ఒక్క విదిలింపులో నిటారు చేసేస్తుంది.

డ్రాగ్, తనిఖీ

ఎంత మంచి ముడైనా అసలు దారం బలంలో కొంత తగ్గిస్తుంది. అందుకే డ్రాగ్‌ను దారం బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు మధ్య పెట్టాలి. 20 పౌండ్ల దారానికి రెండున్నర మూడు కిలోల దగ్గర డ్రాగ్ జారాలి, అదే చేతి త్రాసుతో చూసుకోండి. ఆకుల్లో కప్ప వేసేటప్పుడు డ్రాగ్ దాదాపు బిగించేస్తాం కాబట్టే అక్కడ 50 పౌండ్ల బ్రెయిడ్ చెప్పింది.

చేప పడిన ప్రతిసారీ, మొద్దుకు తగిలి విడిపించుకున్న ప్రతిసారీ, చివరి మూరెడు దారాన్ని గోటి మీదుగా జార్చి చూడండి. గరుకు తగిలితే అంతమేరా కోసి మళ్ళీ కట్టండి. బ్రెయిడ్ అయితే పోగులు లేచి నూగులా కనిపిస్తాయి. కోసిన ముక్కలు జేబులో వేసుకోండి. గట్టు మీద వదిలితే కొంగల కాళ్ళకు చుట్టుకుంటాయి, మేతకొచ్చిన గేదెలు మింగుతాయి.

స్నాప్‌లకు తుప్పు కంటే అలసట ఎక్కువ. రోజూ తెరిచి మూసే తీగ వంపు దగ్గర మెత్తబడి, మూసినా కొక్కెంలో వదులుగా కూర్చుంటుంది. వేలితో నొక్కినప్పుడు టక్కుమనకపోతే పారేయండి, ప్లయర్‌తో వంచి సరిచేసింది మళ్ళీ తెరుచుకుంటుంది. ఉప్పునీళ్ళ నుంచి వచ్చిన రోజు లూర్లు, స్వివెళ్ళు, రీలు అన్నిటినీ మంచినీళ్ళతో కడిగి, నీడలో ఆరబెట్టి, పూర్తిగా ఆరాకే డబ్బాలో పెట్టండి. ఒక్క తడి స్ప్లిట్ రింగు ఉన్నా మూత పెట్టిన డబ్బాలో పక్కనున్న గాలాలకూ తుప్పు మరకలు అంటిస్తుంది.